వినోదవనమునకు హద్దు ద్వారముకడనే

కోవిడ్ మహమ్మారి ప్రబలియున్న కాలమున, జనము క్రిక్కిరిసిన వినోదవనమునకు భార్యాబిడ్డలను వెంటబెట్టుకొని పోయిన గృహస్థును నిందించుట మిక్కిలి సులభము. 2020, 2021 వేసవులు రెండింటను బంధుమిత్రుల వాట్సాప్ గ్రూపులు ఆ పనిని విసుగు లేక చేసినవి. బుద్ధి లేదా, బాధ్యత లేదా, పిల్లల ప్రాణముకంటె జారుడుబల్ల ముఖ్యమా అని అడిగినవారిలో పలువురు పెరళ్లును, మేడమీద ఆరుబయళ్లును కలిగినవారే. బహ్రెయిన్ దేశమందు ఈసా టౌన్‌లో కాపురముండు నేను ఆ నిందను అంత సులభముగా ఒప్పుకొనజాలను; అట్లని ఆ గుంపును సమర్థింపనూజాలను. తప్పు వెదకవలసిన చోటు తండ్రి మనస్సులో కాదు, ఆ వనపు ద్వారముకడ కలదని నా అభిప్రాయము.

ఈసా టౌన్, 1960ల దశకమున నాటి పాలకుడైన షేక్ ఈసా బిన్ సల్మాన్ పేరిట, ముందుగా పటము గీచి కట్టిన ఊరు. మధ్యతరగతి కుటుంబములకు ఇండ్లు, వానికి అందుబాటులో బజారు, బడులు, మసీదులు ఉండవలెనన్నది ఆ ఊరి వెనుకనున్న ఆలోచన. 1950లో స్థాపితమైన ఇండియన్ స్కూలుకు ఇచ్చట పెద్ద ఆవరణ యున్నది. దాని గంట వినబడునంత దూరములో ఇల్లు దొరికిన చాలునని అద్దె కొంచెమెక్కువైనను ఈ చుట్టుపట్లనే స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకము కలవు. అట్టి ఊరు 2020 ఫిబ్రవరి చివరివారము ఒక్కపెట్టున నిశ్శబ్దమయ్యెను. ఆ నెల 24వ తేదీన దేశమందు మొదటి రోగి బయటపడెను. అతడు ఇరాన్‌నుండి తిరిగివచ్చిన ఒక పాఠశాల బస్సు డ్రైవరు అగుటచేత భయము మొదట బడులమీదనే పడి, మరునాటికే బడులన్నిటిని మూయుటకు ఉత్తరువు వెలువడెను. అటుపిమ్మట బిడ్డల లోకమంతయు అరచేతి వెడల్పు తెరలోనికి కుదించుకొనిపోయెను. రెండు పడకగదుల ఫ్లాటులో ఒక గది తండ్రికి ఆఫీసు, ఇంకొక గది కూతురికి తరగతి, వంటింటి గట్టు కొడుకునకు తరగతి, తల్లికి చోటన్నది ఎక్కడను లేదు.

ఇచ్చటి వేసవి ఎట్టిదో మన రామగుండమువారికిని, రెంటచింతలవారికిని సయితము వర్ణించి చెప్పుట కష్టము. ఎండ యొక్కటే కాదు. నలువైపుల సముద్రముండుటచే గాలి నిండ నీరు చేరి, ప్రొద్దు గ్రుంకిన తరువాత కూడ వీథిలోనికి వచ్చిన మనుష్యునికి తడిగుడ్డ ముఖమున కప్పినట్లుండును. తక్కిన సంవత్సరములలో ఈ బాధ మాకు తెలియదు, ఏలయనగా జూలై, ఆగస్టు సెలవులనగా మా పిల్లలకు అమ్మమ్మగారి ఊరు. 2020లో ఆ దారి మూసికొనిపోయినది. ప్రవాసులను స్వదేశమునకు చేర్చుటకై మే నెలలో మొదలైన వందే భారత్ విమానములలో గర్భిణులకు, రోగులకు, ఉద్యోగము పోయినవారికి ముందుగా చోటిచ్చుట న్యాయమే కనుక సెలవులకు పోవువారెవ్వరును ఆ వరుసలో నిలువరాదు. 2021లో మన దేశమున రెండవ అల చెలరేగి ఊరూర చితులు మండుచుండగా, మే 24 నుండి ఇచ్చటి ప్రభుత్వము భారతదేశమును, రాకపై ఆంక్షలు గల దేశముల రెడ్ లిస్టులో చేర్చెను, సెప్టెంబరు మొదటివారమువరకు తొలగింపలేదు. అమ్మమ్మ ప్రతిరాత్రియు ఫోనులో కనబడి, ‘జామచెట్టు విరగ కాసిందిరా, కోసేవాళ్లే లేరు’ అనుచుండెను. పిల్లలు ఆ కాయలను తెరమీదనే చూచిరి. అట్టి రెండవ వేసవిలో, బిడ్డ యొకనాడు వచ్చి నీళ్ల పార్కుకు తీసికొనిపొమ్మని అడిగినప్పుడు, ఆ కోరికను విలాసమని త్రోసివేయగల తండ్రి ఎవడో నాకు తెలియదు.

కోరిక న్యాయమైనదని ఒప్పుకొన్నంత మాత్రమున గుంపు నిరపాయమైనది కాదు. వినోదవనము పుట్టినదే జనమును ఒక్కచోట పోగుచేయుటకొరకు. అందలి అపాయము కొలను నీటిలో లేదు. సరియైన మోతాదులో క్లోరిను కలిపిన నీటిలో ఈ వ్యాధిక్రిమి నిలువజాలదని వైద్యశాఖలు మొదటినుండియు చెప్పుచునే యుండెను. అపాయమంతయు నీటికి ముందు నిలుచు వరుసలో, బట్టలు మార్చుకొను గదిలో, తినుబండారముల హాలులో, అనగా పైకప్పుక్రింద ఒకరి ఊపిరి ఒకరు పీల్చుకొను చోటులలో ఉన్నది. 2020 జూలైలో 239 మంది శాస్త్రజ్ఞులు ఈ వ్యాధి గాలిలో తేలియాడుచు వ్యాపించుననియు, ఆ సంగతిని గుర్తింపవలసినదనియు బహిరంగముగా విన్నవించుకొన్నది ఈ కారణముచేతనే. ఆ వేసవిలోనే జపాను దేశమందలి ఫూజీ-క్యూ హైలాండ్ అను వినోదవనమువారు, రోలర్ కోస్టరు ఎక్కినవారు నోరు తెరచి కేకలు వేయరాదు, హృదయములోనే వేసికొనవలెనని కోరి, తమ అధికారులిద్దరు గంభీరవదనములతో ఆ బండిపై కూర్చుండిన చిత్రమును లోకమునకు చూపిరి. లోకము నవ్వెను, కాని ఆ కోరిక వెనుక శాస్త్రము కలదు, అరచిన నోటినుండి వెలువడు తుంపరలు మాటలాడిన నోటినుండి వచ్చువానికంటె ఎన్నియో రెట్లు అధికము.

ఎడారిదేశపు పరిస్థితి వేరు. చల్లని దేశములలో మహమ్మారి కాలమున వైద్యులు చెప్పిన మొదటి హితవు, కలిసికొనదలచినచో ఆరుబయట కలిసికొనుడన్నది. మాకు అది నవంబరునుండి మార్చివరకే చెల్లును. తక్కిన నెలలలో మేము ఆడుకొన్నను, అంగడికి పోయినను, నడకకు పోయినను, అంతయు తలుపులు బిగించి ఏ.సి. గాలిని త్రిప్పి త్రిప్పి పీల్చు హాళ్లలోనే. మన తెలుగు నాట వేసవి సాయంకాలము పిల్లలను పార్కునకు తీసికొనిపోయినవానికిని, ఇచ్చట జూలైలో మాలులోని ఆటల హాలునకు తీసికొనిపోయినవానికిని అపాయము సమానము కాదు. ఇచ్చటివానికి అది ఎక్కువ, వానికి గత్యంతరము తక్కువ.

ప్రభుత్వము ఊరకుండెనని నేననను. 2020 మార్చి నడిమినాటికే సినిమాహాళ్లు, ఈతకొలనులు, వ్యాయామశాలలు మూయించిరి. ఆగస్టులో కొలనులను మరల తెరచిరి. ఆ సంవత్సరము డిసెంబరులో ఫైజర్ టీకాకు అనుమతి నిచ్చిన దేశములలో బ్రిటనుకు పిమ్మట రెండవది బహ్రెయినే. పౌరుడు, పరదేశి అను భేదము లేక టీకాను ఉచితముగా వేయుట ఈ చిన్న దేశము చేసిన పెద్ద పని. దానిని కృతజ్ఞతతో స్మరింపని ప్రవాసాంధ్రుడుండడు. అయినను 2021లో ఈద్ పండుగ కలయికలు గడచిన పిదప, మే నెలాఖరున కొత్త కేసులు దినమునకు 3,000 దాటినవి. నాటి దేశ జనాభా 15 లక్షలు. మన తెలంగాణ 2011 జనాభాకు ఆ లెక్క కట్టినచో దినమునకు 70,000 అగును. మాలులు, హోటళ్లు మరల నెలరోజుల మేర మూతపడినవి. జూలైలో ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు అని నాలుగు మెట్ల పద్ధతిని ఏర్పరచి, రోగులు తగ్గినకొలది తలుపులు తెరచుచు, పెరిగినకొలది మూయుచు వచ్చిరి.

అట్లు తెరచిన ఒక శుక్రవారము సాయంకాలము మేమును ఒక వనమునకు పోతిమి. ద్వారముకడ కాపలాదారు మా ఫోనులలో టీకా పడినట్లు ‘బీ అవేర్’ యాప్ చూపు ఆకుపచ్చ కవచపు గుర్తును చూచెను, నుదుటిమీద జ్వరమాపకమును గురిపెట్టెను, చేతులలో శానిటైజరు పోసెను. అంతవరకు అంతయు క్రమముగానే జరిగినది. లోపల అడుగు పెట్టిన పిమ్మట, నీళ్ల జారుడుబల్లకు పోవు మెట్లవద్ద, నేలమీద ఆరేసి అడుగుల ఎడముతో పసుపుపచ్చని పాదముల గుర్తులు అంటించియుండెను. ఒక జత పాదములమీద ఒక తల్లి, ఆమె చంకలో బిడ్డ. ఆ పాదములకును తరువాతి పాదములకును నడుమ ఐదుగురు. తడిసిన మాస్కులు కొందరి గడ్డములక్రింద, కొందరి ముంజేతులకు. ఎవరును దుర్మార్గులు కారు. అందరును కప్పుక్రింద నీడకొరకు ఒక అడుగు ముందుకు జరిగినవారే. కొలతకు మించి మనుష్యులను లోనికి పంపినప్పుడు నేలమీది గుర్తులు ముగ్గులవలె మిగులును.

ఆ మెట్లపైన రబ్బరు తెప్పలను అందించుచున్న కుర్రవాడు, తెప్ప తిరిగివచ్చిన ప్రతిసారియు సీసాతో మందు చల్లి, గుడ్డతో దాని రెండు పిడులను తుడిచి, మరల మరొకరికి ఇచ్చుచుండెను. మా మాటలు విని, ‘తెలుగోళ్లా అన్నా?’ అని పలుకరించెను. జగిత్యాల వైపువాడట. ఇంతమందిని లోపలికి ఎలా పంపుతున్నారు తమ్ముడూ అని అడిగితిని. ‘గేటు కాడి లెక్క మా చేతుల లేదన్నా. వచ్చినోళ్లను కూసుండవెట్టుడే మా పని’ అనెను. తరువాతి తెప్ప వచ్చువరకు కలిగిన విరామములో, ‘మా రూములో ఎనిమిది మందిమి ఉంటం. ఒక్కనికి దగ్గు లేసిందంటే ఆ రాత్రి ఎవ్వలకు నిద్ర పట్టది. డ్యూటీకి రాకుంటే జీతం కోస్తరు’ అని చెప్పి, పిడులను తుడిచి, మా అమ్మాయిని కూర్చుండబెట్టి, ‘గట్టిగ వట్టుకో బిడ్డా’ అని తెప్పను ముందునకు త్రోసెను.

వినోదవనమును గూర్చిన చర్చలన్నియు ఇంతవరకు టికెట్టు కొన్నవాని ధైర్యమును గూర్చియే జరిగినవి. పోవచ్చునా, పోరాదా, నా పిల్లవానికి ఎంత అపాయము, నాకెంత అపాయము. కాని నేను పోవుటకు నిశ్చయించుకొన్న ఆ క్షణమందే, ఆ కుర్రవాని నడుగకయే అతని ఊపిరిని కూడ నేను పందెము కాచితిని. నేను నాలుగు గంటలుండి ఇంటికి వచ్చితిని. అతడు దినమునకు వందలమందికి ఎదురుగా నిలిచి, ఆ మెట్లు దిగి ఎనిమిది పడకల గదిలోనికి పోవును. ఈ దేశ జనాభాలో సగమునకు మించి పరదేశస్థులము. మాలో నాబోటివారు ఫ్లాటులలో తలుపులు వేసికొని జాగ్రత్తపడగలిగిరి, అతనిబోటివారు పడలేకపోయిరి. మొదటినెలలలో వ్యాధి కార్మికుల క్యాంపుల గదులలో అంత వేగముగా ప్రాకుటకు కారణము వారి అజాగ్రత్త కాదు, మంచమునకు మంచమునకు నడుమ జానెడు చోటు లేకపోవుట.

ఈసా టౌన్‌నుండి రాజధాని మనామాకు పోవు వైపున అదారీ యను స్థలమున ఒకప్పుడు పేరుపొందిన నీటి ఊట యుండెడిది. దాని నీరు కాలువలవెంట పారి దూరపు తోటలను తడుపుచు ప్రక్కనున్న నేలను ఎండగట్టెడిదట. దగ్గరివారిని విడిచి దూరపువారిని ఆదుకొను మనుష్యుని గూర్చి చెప్పవలసివచ్చినప్పుడు బహ్రెయినీలు నేటికిని ఆ ఊటను తలచుకొందురు. ఊట ఎండిపోయి చాలకాలమైనది. ఇప్పుడు ఆ పేరిట అచ్చట పిల్లల ఆటల పార్కు వెలసినది. ఆ సామెత మా ప్రవాసాంధ్రులకు ఎంతగా వర్తించునో మహమ్మారి కాలమున నాకు తెలిసివచ్చినది. రెండువేల మైళ్ల దూరమున ఉన్న తల్లిదండ్రుల ఆక్సిజన్ లెక్కను పూటకొకసారి ఫోనులో అడిగి తెలిసికొన్నవారము, మన బిడ్డను తెప్పపై కూర్చుండబెట్టు పిల్లవానికి టీకా పడినదా, పడకకు చోటున్నదా అని అడుగలేదు.

నిశ్చయించుకొనువాడొకడు, ఫలితమనుభవించువాడొకడు అగుట మనుష్యులతో ఆగిపోలేదు. 2021 మే నెల ఆరంభమున హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలలో ఎనిమిది ఆసియా సింహములకు ఈ వ్యాధి సోకినట్లు సీసీఎంబీ పరిశోధనశాల పరీక్షలలో తేలెను. అవి స్వస్థత పొందినవి. కాని టికెట్టు కొననిది, వరుసలో నిలువనిది, బోను విడిచి పోజాలనిది అగు జంతువునకు కూడ మన ఊపిరి చేరినదన్న సంగతిని ఆనాడు వార్తగా చదివి పుట త్రిప్పితిమి. అంతకు కొన్నియేండ్లక్రితమే, 2014 డిసెంబరులో, కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్‌లో మొదలైన తట్టు వ్యాధి వందమందికి మించి ప్రాకినది. సెలవుల వేళ దేశదేశములనుండి వచ్చిన కుటుంబములు ఒక్కచోట పోగై, మరల విడివడి తమ తమ ఊళ్లకు పోవు స్థలమున వ్యాధి ఎట్లు ప్రయాణించునో ఆనాడే తెలిసియుండెను.

మరి మూసివేయుటయేనా మార్గము? షాంఘై డిస్నీలాండ్‌లో 2021 అక్టోబరు 31న, ముందురోజు వచ్చిపోయిన ఒక్క స్త్రీకి వ్యాధి ఉన్నదని తెలిసినందుకు, ద్వారములు బిగించి, లోపలనున్న 33,000 మందికి పైగా జనమును పరీక్షించినగాని బయటకు పంపలేదు. ఆకాశమున బాణసంచా వెలుగుచుండగా, తెల్లని రక్షణదుస్తులు తొడిగినవారి ఎదుట పిల్లలు నోళ్లు తెరచి నిలుచుండిరి. ఎవ్వరికిని వ్యాధి లేదని తేలినది. అంతటి కాఠిన్యమును నేను కోరను. పిల్లలను ఆడుకొను చోటునుండి బంధితులవలె బయటకు తెచ్చుట వైద్యము కాదు. సంపూర్ణముగా మూసివేయుటయు, నిర్లక్ష్యముగా తెరచుటయు రెండును పాలకులకు, యజమానులకు సులభములు. నడుమనున్నది కష్టమైన పని, దానికి ప్రతిదినమును లెక్క చూచుకొనవలసియుండును. మూసివేసిన నెలలలో జగిత్యాల కుర్రవానికి జీతమెవ్వరిచ్చెదరన్న ప్రశ్న కూడ ఉన్నది. ఆ ప్రశ్నకు జవాబు లేనంతవరకు, మూయుడని కేకవేయుట నాబోటి నెలజీతగానికి తగదు.

నేను కోరునది స్వల్పము. మొదటిది, ద్వారముకడ లెక్క. ఆ స్థలమునకు ఎందరు పట్టుదురో కాక, ఆ గాలికి ఎందరు తగుదురో నిర్ణయించి, గంటల ప్రకారము టికెట్లు అమ్మి, ఆ సంఖ్య నిండినతోడనే అమ్మకము నిలుపవలెను. తండ్రి తన బిడ్డ చేయి పట్టుకొని ద్వారమువరకు వచ్చిన తరువాత, లోపల క్రిక్కిరిసియున్నదని చూచి వెనుదిరుగుమనుట మనుష్యస్వభావమునకు మించిన కోరిక; ఆ నిబ్బరమును కుటుంబమునందు కాక గల్లాపెట్టెయందు ఉంచవలెను.

రెండవ దానిని ఎవరును పట్టించుకొనలేదు, నాకు మాత్రము అదియే అన్నిటికంటె ముఖ్యముగా తోచును. టికెట్టు వెనుక సన్నని అక్షరములలో, కొన్న సొమ్ము తిరిగి ఇవ్వబడదని అచ్చువేసియుండును. నలుగురి టికెట్ల వెల ఒక సామాన్యోద్యోగి ఇంటి నెలసరుకులలో చెప్పుకొనదగిన భాగము. ముందురాత్రి చిన్నవానికి ఒళ్లు వెచ్చబడినది, పెద్దది వారమునుండి ఆ దినమునకై వేళ్లు లెక్కించుచున్నది, సొమ్ము చెల్లించియున్నాము. అప్పుడు ఆ ఇంట జరుగునది అందరికిని తెలిసినదే. పారాసిటమాల్ సిరప్పు ఒక మూత పోయుదురు, నుదురు చల్లబడును, ద్వారముకడ జ్వరమాపకము ఆకుపచ్చ దీపము చూపును. ఆ జ్వరమాపకమునకై వనమువారు వెచ్చించిన సొమ్ముకంటె, జ్వరమున్నచో రావలదు, మీ సొమ్ము మరియొకనాటికి చెల్లునను ఒక్క వాక్యము ఎక్కువ రోగములను ఆపియుండును. వైద్యుని చీటీ అడుగరాదు. చీటీకొరకు ఆస్పత్రి వరుసలో నిలుచుటకంటె సిరప్పు పోయుటయే సులభమని ప్రతి తల్లికిని తోచును. కొందరు అబద్ధమాడుదురన్న భయము యజమానులకు కలుగును. ఆడనిండు. మరియొకనాడు వారే వచ్చి ఆ టికెట్టుతో లోపలికి పోవుదురు కనుక నష్టమొక్క దినపు ఖాళీ మాత్రమే.

మూడవది ఆ కుర్రవాని సెలవు. దగ్గు వచ్చిన పనివాడు జీతము పోవునని భయపడి మెట్లపై నిలిచినంతకాలము పిడులు ఎన్నిసార్లు తుడిచినను ప్రయోజనము లేదు.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ అత్యవసరస్థితి ముగిసినదని ప్రకటించెను, ఇప్పుడీ గోల దేనికని అడుగవచ్చును. మహమ్మారి నడుమ నియమములు చేయుట ఎంత కష్టమో అందరమును చూచితిమి. భయముతో చేసిన నియమము భయము తగ్గగానే జారిపోవును. ప్రశాంతకాలమున అలవాటైనవే గడ్డుకాలమున నిలుచును. ఫ్లూ జ్వరము, తట్టు, గవదబిళ్లలు ఏ సంవత్సరమును పిల్లలను విడువలేదు. ఈ మూడు ఏర్పాట్లు వానికిని అంతే పనికివచ్చును.

వీనిని సాధించుటకు చట్టముకొరకు కనిపెట్టుకొనియుండ నక్కరలేదు. బహ్రెయిన్‌లో మన తెలుగు సంఘములు కార్తీక వనభోజనములకని, ఉగాదికని వందలకొలది కుటుంబములను ఒక్కచోటికి చేర్చుచున్నవి. అన్ని టికెట్లు ఒక్కసారిగా కొనువాని మాటను ఏ యజమానియు త్రోసివేయడు. ధర తగ్గించుమని బేరమాడుటకు ముందు, ఆ గంటకు ఎందరిని లోనికి పంపెదరు, జ్వరము వచ్చిన కుటుంబపు సొమ్మును మరియొకనాటికి మార్చెదరా, మీ పనివారికి రోగపు సెలవునాడు జీతమున్నదా అని మూడు ప్రశ్నలు అడిగి, జవాబులను కాగితముమీద వ్రాయించుకొనవలెను. కార్తీకమునకు స్థలములు కుదుర్చుకొనుట సెప్టెంబరులోనే మొదలగును.